జీడిపిక్కల బస్తా, జారిన క్లచ్

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో జీడితోటల మధ్య దారులు చాలావరకు ఇసుకవే. పిక్కల కాలంలో వజ్రపుకొత్తూరు వైపున్న మా తోట నుంచి కాశీబుగ్గకు 80 కిలోల బస్తాను నా 125 సీసీ బండి మీదే చేరవేస్తాను. ఇసుకలో చక్రం కూరుకుపోకుండా ఉండాలంటే మొదటి గేరులో సగం క్లచ్ పట్టుకొని చాలా దూరం నడపక తప్పదు. నిరుడు తారురోడ్డు ఎక్కాక కూడా ఇంజన్ అరుపు పెరిగేది గాని వేగం పెరిగేది కాదు. క్లచ్ జారుతోందని గ్రహించి, బిగువైన స్ప్రింగులు మాత్రం వేయించి ఊరుకున్నాను.

అది తొందరపాటు. క్లచ్ మోయగలిగే బలం అందులోని ప్లేట్ల రాపిడి ముఖాల సంఖ్య, వాటి పట్టు, వ్యాసార్ధం, స్ప్రింగుల ఒత్తిడి అనే నాలుగింటినీ బట్టి ఉంటుంది. స్ప్రింగుల ఒత్తిడిని 15 శాతం పెంచితే ఆ బలమూ 15 శాతం పెరుగుతుంది, అయితే లీవరు నొక్కే వేళ్ల మీద భారమూ అంతే పెరుగుతుంది. ప్లేట్లలో పట్టే లేనప్పుడు మిగిలేది ఆ భారమే. నాకు మణికట్టు నొప్పి వచ్చింది, కేబుల్ పోగులు తెగాయి, జారుడు మాత్రం ఆగలేదు.

చివరకు మా ఊరి మేస్త్రి బండిని ఎడమవైపుకు ఒరగబెట్టి కుడి కవరు విప్పాడు. స్టీలు ప్లేట్ల మీద నెమలికంఠం రంగు మచ్చలు పడి ఉన్నాయి, రాపిడి ప్లేట్లు గోటితో గీకితే నల్లగా రాలుతున్నాయి. వాసన చూసి, "నూనె ఏటి పోసినారు బాబూ?" అని అడిగాడు. అంతకుముందు వేరొక షాపులో కారు ఆయిల్ పోశారన్న సంగతి నాకప్పుడు గుర్తుకొచ్చింది. కార్ల కోసం చేసే చాలా నూనెల్లో రాపిడిని తగ్గించే రసాయనాలు కలుపుతారు. మన బండ్లలో క్లచ్ ఇంజన్ నూనెలోనే మునిగి తిరుగుతుంది కనుక, డబ్బా మీద జాసో (జపాన్ వాళ్ల నూనె ప్రమాణం) ఎంఏ లేదా ఎంఏ2 అన్న గుర్తు చూసి కొనాలి. ఎంబీ అన్నది గేర్లు లేని స్కూటర్లకు.

ఈసారి భారీ బరువులకు తగిన ప్లేట్ల సెట్టు తెప్పించి, కొత్త రాపిడి ప్లేట్లను రాత్రంతా ఇంజన్ ఆయిల్లో నానబెట్టాము. స్టీలు ప్లేట్లను అద్దం పలక మీద పరచి, కింద ఫీలర్ గేజి (సందు కొలిచే పలుచని రేకు) దూరుతుందేమో చూసి, వంగినవాటిని పక్కన పడేశాము. ప్లేట్లు కూర్చునే హౌసింగు గాడుల్లో ప్లేట్ల చెవులు కొట్టి చేసిన గంట్లు ఉంటే కొత్త ప్లేట్లు కూడా అక్కడ చిక్కుకొని సరిగా విడవవు. మావి అదృష్టవశాత్తూ లోతుగా లేవు. స్ప్రింగు బోల్టులను ఎదురెదురుగా కొంచెం కొంచెంగా బిగించి, లీవరు చివర 15 మిల్లీమీటర్ల ప్లే (వదులు) ఉంచాము. ప్లే లేకుండా బిగిస్తే చేతితో పట్టుకోకపోయినా సగం క్లచ్ పట్టినట్లే.

గొలుసు ముందు పళ్ల చక్రంలో ఒక పన్ను తక్కువున్నది వేయించడం నా సొంత ఆలోచన. క్లచ్ మీద అసలు భారం తగ్గించినది అదేనని నేటికీ నా నమ్మకం, మేస్త్రి మాత్రం ఒప్పుకోడు. దానివల్ల తారురోడ్డు మీద ఇంజన్ ఎక్కువ తిరుగుతుంది, పెట్రోలూ కొంచెం ఎక్కువ తాగుతుంది. ఇసుకలో మాత్రం బస్తాతో సహా బండి క్లచ్ పూర్తిగా వదిలేసినా కదులుతోంది. ఈ ఏడాది పిక్కలన్నీ తోలేసరికి ప్లే ఒక్కసారే సరిచేయవలసి వచ్చింది.