ఐదో నెలలో వియన్నా ప్రయాణం

టికెట్లు కొన్న తరువాత నెల తప్పానని తెలిసింది. బయలుదేరేనాటికి ఐదో నెల. వేవిళ్లు తగ్గి, కడుపు ఇంకా బరువెక్కని ఆ రోజులే ప్రయాణానికి అనువైనవని డాక్టరమ్మ ధైర్యం చెప్పారు. "వట్టి మనిషివి కాదు, ఇప్పుడెందుకమ్మా అంత దూరం?" అన్నారు అత్తయ్య. ఆవిడ భయంలో న్యాయముంది. పరాయి దేశంలో ఆస్పత్రి పాలైతే ఖర్చు ఎవరు భరిస్తారో తేలాకే కదలాలని నేనూ మావారూ అనుకున్నాం.

ఆస్ట్రియాతో సహా చాలా యూరప్ దేశాలకు కలిపి పనికొచ్చే షెంగెన్ వీసాకు కనీసం 30,000 యూరోల వైద్య బీమా ఉండాలి. మొదట చూసిన పాలసీ వీసాకు చక్కగా సరిపోతుంది. మినహాయింపుల పేజీ తెరిస్తే గర్భం, ప్రసవం, గర్భస్రావం, వాటివల్ల వచ్చే ఏ ఇబ్బందికీ చెల్లింపు లేదు. ఒకే ఒక్క సడలింపు ఉంది: పిండం గర్భసంచిలో కాక అండవాహికలో పెరిగితే ఆ చికిత్సకు డబ్బిస్తారు. అలాంటి గర్భం సాధారణంగా మొదటి మూడు నెలల్లోనే బయటపడుతుంది. మా బిడ్డ గర్భసంచిలోనే ఉందని తొలి స్కాన్‌లోనే చూశాం. ఇక ఆ సడలింపు నాకు దేనికి? నిజంగా కోపం వచ్చింది. గర్భిణి దగ్గర ప్రీమియం తీసుకుని, ఆమె దేనికి భయపడుతుందో సరిగ్గా దాన్నే వదిలేయడం అన్యాయం.

"అన్నీ కవర్ అవుతాయి మేడమ్" అన్న ఏజెంట్లను ఆ మాట పాలసీలో ఎక్కడుందో చూపమన్నాను. చాలామంది మళ్లీ ఫోన్ చేయలేదు. చివరికి ఒక సంస్థ, ప్రాణాపాయం ఉన్న గర్భ సంబంధ చికిత్సను గర్భం నిర్ణీత వారానికి చేరేదాకా భరిస్తామంది. ఆ వారాన్ని వెళ్లే తేదీకి లెక్కిస్తారా, తిరిగొచ్చే తేదీకా? నెలలు నిండకుండా పురుడు వస్తే బిడ్డ వైద్యం సంగతేమిటి? రెండూ ఈమెయిల్‌లో అడిగాను. తిరిగొచ్చే తేదీకే లెక్క. బిడ్డ ఖర్చు మాత్రం ఇవ్వరు. ఆ రెండో జవాబు చదివాక మావారు మారుమాట లేకుండా తిరుగు ప్రయాణాన్ని అనుకున్నదానికన్నా ముందు తేదీకి మార్చారు. థైరాయిడ్ మాత్రలు వాడుతున్న సంగతి కూడా దరఖాస్తులో రాశాను. దాచితే క్లెయిమ్ తిరస్కరించడానికి అదే సాకవుతుంది.

పాలసీ ప్రతి, డాక్టరమ్మ ఉత్తరం, స్కాన్ రిపోర్టులు చేతిసంచిలో పెట్టుకున్నాను. ఆస్ట్రియా అంబులెన్స్ నంబరు 144 ఇద్దరి ఫోన్లలోనూ ఎక్కించాం. విమానంలో సీటు బెల్టు పొట్ట కిందుగా పెట్టుకుని, కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా మధ్యమధ్య లేచి నడిచాను.

వియన్నాలో రాజభవనాలకన్నా నా మనసు పట్టేసింది పాత జనరల్ ఆస్పత్రి ఆవరణ. ఇప్పుడది విశ్వవిద్యాలయానిది, విద్యార్థులు చెట్ల కింద కూర్చుని చదువుకుంటున్నారు. 1847లో ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు పురుళ్లు పోసే వైద్యులచేత క్లోరిన్ నీళ్లతో చేతులు కడిగించింది ఆ ఆస్పత్రిలోనే. శవపరీక్షల నుంచి నేరుగా వచ్చే వైద్యుల వార్డులో, మంత్రసానుల వార్డులోకన్నా ఎక్కువమంది తల్లులు బాలింత జ్వరంతో పోయేవారు. చేతులు కడగడం మొదలయ్యాక ఆ మరణాలు బాగా తగ్గాయి. అయినా తోటి వైద్యులు చాలామంది ఆయన మాట ఒప్పుకోలేదు. కడుపులో బిడ్డతో అక్కడ నడుస్తుంటే ఆ తల్లులే గుర్తొచ్చారు.

క్లెయిమ్ అవసరం రాలేదు. ప్రీమియం మామూలు పాలసీకన్నా ఎక్కువే, అయినా వృథా అనిపించలేదు. వచ్చే నెల మా ఆడపడుచు నాలుగో నెలలో సింగపూర్ వెళ్తోంది. ఏజెంటును అడగాల్సిన ఆ రెండు ప్రశ్నలూ తనకు పంపాను.