ఆ సర్వేలో ఏ అంకె పెట్టను?

ఇంట్లో అందరూ పడుకున్నారు, నాకే నిద్ర రావట్లేదు. ఆఫీసు సర్వే ఒకటి బుర్ర తినేస్తోంది. ఆడవాళ్లు, వికలాంగులు, వేరే ప్రాంతాల వాళ్లు, అందరికీ మేనేజ్‌మెంట్ అండగా ఉందని నమ్ముతున్నారా అని ప్రశ్న. ఒకటి నుంచి ఐదులోపు అంకె నొక్కాలి, ఒకటంటే అసలు నమ్మనట్టు, ఐదంటే పూర్తిగా నమ్మినట్టు. రేపే ఆఖరు.

చూడగానే ఒకటి పెట్టేద్దామనిపించింది. మార్చి 8న గులాబీలిస్తారు, ఫొటోలు తీస్తారు, అవేవీ తప్పు కావు. కానీ పనివేళల్లో పసిపిల్లల్ని చూసుకునే క్రెష్ సంగతేంటి? 2017లో ప్రసూతి చట్టం సవరించినప్పుడే 50 మంది, అంతకు పైన పనిచేసే చోట క్రెష్ ఉండాలన్నారు, తల్లి రోజుకు 4 సార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చన్నారు. మావాళ్లు కొండాపూర్‌లో ఎవరితోనో టైఅప్ పెట్టుకుని చేతులు దులుపుకున్నారు. మా ఆఫీసేమో నానక్‌రామ్‌గూడలో! ఆ ట్రాఫిక్‌లో ఒక్కసారి వెళ్లొచ్చేసరికే సగం పూట పోతుంది.

బుజ్జిది పాలు తాగే రోజుల్లో పాత మానిటర్లు పేర్చిన స్టోర్ రూములో, తలుపుకి గడియ లేక కుర్చీ అడ్డం పెట్టుకుని పాలు పిండుకునేదాన్ని. బయట ఎవరి అడుగులు వినబడినా గుండె ఝల్లుమనేది. హౌస్‌కీపింగ్ అక్క ఒకావిడ అది గమనించి, ఆ వేళకి వచ్చి తలుపు ముందు స్టూలేసుకుని కూర్చునేది. నేను అడగలేదు, ఎవరూ చెప్పలేదు. ఆవిడది కాంట్రాక్టు ఉద్యోగం, ఈ సర్వే ఆవిడదాకా వెళ్లదు. అది తలుచుకుంటే ఇంకా మండుతోంది.

ఇదంతా మధ్యాహ్నం భోజనాల దగ్గర అంటే, మా టీములో వీల్‌చైర్‌లో వచ్చే అబ్బాయి తను ఐదు పెట్టానన్నాడు. "అక్కా, ఇంతకుముందు చేసిన చోట బాత్రూముకి వెళ్లాల్సొస్తుందని పొద్దుణ్నుంచీ నీళ్లు తాగేవాణ్ణి కాదు. ఇక్కడ నేను చేరకముందే ఫోన్ చేసి, కుర్చీ కొలతలడిగి, తలుపు వెడల్పు చేయించారు" అన్నాడు. నాకు నోట మాట రాలేదు. ఆ తలుపు ముందు నుంచి రోజూ వెళ్తాను, ఒక్కరోజూ దాన్ని పట్టించుకోలేదు.

మరి ఒకటెలా పెట్టను? అలాగని అతని తలుపు చూసి నా గడియ సంగతి వదిలేయాలా? తలుపు చేయించగలిగినవాళ్లకి గడియ పెట్టించడం ఎంత పని! అడిగితే చేసేవాళ్లేనేమో కూడా. అయినా అలాంటివి ఎవరికి చెప్పుకోవాలో అప్పుడు నాకెవరూ చెప్పలేదు.

ప్రస్తుతానికి మూడు పెట్టి, కింద కామెంట్ల పెట్టెలో క్రెష్ గురించి, గడియ గురించి, కాంట్రాక్టు వాళ్లకి కూడా సర్వే ఇమ్మని రాశాను. పేర్లు బయటికి రావంటున్నారు కానీ మా టీములో చిన్నపిల్లల తల్లిని నేనొక్కదాన్నే, ఎవరు రాశారో ఇట్టే తెలిసిపోతుంది. తెలియనీ, పొద్దున్నే పంపించేస్తాను.