ఎముకల వార్డు తాతగారు

గుంటూరు, మంగళవారం రాత్రి

నోటి క్యాన్సర్‌కీ పొగ అలవాటుకీ ఉన్న సంబంధం మీద నా థీసిస్. దానికోసం పొద్దున ఎముకల వార్డులో తుంటి విరిగిన ఒక తాతగారిని అడిగాను, "చుట్ట అలవాటుందా తాతా?" అని. "మానేశానమ్మా" అన్నాడు. 'లేదు' దగ్గర టిక్కు పెట్టబోతుంటే, పక్కన బత్తాయి వొలుస్తున్న మామ్మ తలెత్తింది. "మానేసి ఏడాదే కదయ్యా! పొగాకు బ్యారన్ల దగ్గర పనిచేసిన 30 ఏళ్లూ రోజుకు నాలుగు కాల్చలా?" అంది.

నా పెన్ను ఆగిపోయింది. ఆయన అబద్ధం చెప్పలేదు. నేనే సరిగ్గా అడగలేదు.

హాస్టల్‌కొచ్చి థీసిస్ ఫారాలన్నీ ముందేసుకుని, పట్టిన టైము చూశాను. నోటి క్యాన్సర్ వచ్చినవాళ్ల దగ్గర సుమారు 20 నిమిషాలు కూర్చున్నాను. కంట్రోల్స్ దగ్గర, అంటే పోల్చి చూడ్డానికి తీసుకున్న ఆ క్యాన్సర్ లేనివాళ్ల దగ్గర, 7. అన్నం సయించలేదు. జబ్బు పడ్డవాళ్లు "నాకే ఎందుకొచ్చింది" అని పాతికేళ్ల సంగతులు వాళ్లే తవ్వుకుంటారు. కాలు విరిగిన మనిషికి ఆ అవసరమేముంది? అక్కడ ఇంకా ఓపిగ్గా అడగాల్సింది నేను.

కేస్-కంట్రోల్‌లో జబ్బున్నవాళ్లు (కేసులు) ఎందరు, లేనివాళ్లు (కంట్రోల్స్) ఎందరు అనేది మనమే పెట్టుకుంటాం. అందుకే రిస్క్ నేరుగా తేలదు, ఆడ్స్ రేషియోనే దిక్కు: తాగేవాళ్లకీ తాగనివాళ్లకీ ఉన్న నిష్పత్తి కేసుల్లో, కంట్రోల్స్‌లో కన్నా ఎన్ని రెట్లో చెప్పే అంకె. 1950లో బ్రిటన్ పరిశోధకులు డాల్, హిల్ ఇచ్చిన మగవాళ్ల లెక్క మళ్లీ వేసి చూశాను. ఊపిరితిత్తుల క్యాన్సర్ వచ్చిన 649 మందిలో పొగ తాగనివాళ్లు 2, రాని 649 మందిలో 27. అడ్డంగా గుణించి భాగిస్తే 14. ఆ 27లో పదిమంది మా తాతగారిలాంటి వాళ్లయితే? 9 కన్నా కిందకి పడిపోతుంది! కొన్ని టిక్కులకే ఇంత తేడా.

డాల్, హిల్ ఈ అనుమానాన్ని వదిలెయ్యలేదు. క్యాన్సరే అనుకుని ప్రశ్నలడిగిన కొందరికి అది కాదని తర్వాత తేలింది. వాళ్ల పొగ అలవాటు కంట్రోల్స్‌ లాగానే ఉంది. అంటే అడిగేవాళ్ల మొగ్గు ఫలితాన్ని లాగలేదన్నమాట. అది చదివినప్పుడల్లా నాకు చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది. 1951లో బ్రిటిష్ డాక్టర్ల కోహార్ట్ (ఒక గుంపును ముందునుంచీ గమనిస్తూ పోయే అధ్యయనం) మొదలుపెట్టి, అలవాట్లు ముందే రాయించుకుని, ఏళ్ల తరబడి ఎవరెందుకు పోయారో చూశారు. మూడేళ్ల పీజీలో నాకంత వ్యవధి లేదు.

మేడమ్‌కి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. "కంట్రోల్స్ అందర్నీ మళ్లీ అడుగమ్మా" అన్నారు. సరే. కానీ మామ్మ మాట రాసుకుంటే, కేసుల ఇంట్లోవాళ్లనీ అడగాలి కదా. ఫారంలో కొత్త గడి గీశాను: 'ఎవరు చెప్పారు'. రేపు ఎనిమిదింటికల్లా వార్డులో ఉండాలి.