మ్యూర్ వుడ్స్ రెడ్‌వుడ్ అడవికి పేరెంట్స్‌ని తీసుకపోయిన నా అనుభవం, టూర్ వ్యాన్ వాళ్లతో జర జాగ్రత్త

మొత్తానికి మ్యూర్ వుడ్స్ చూసి వచ్చినం. అమ్మ, నాయిన ఇద్దరు ఆ రెడ్‌వుడ్ చెట్ల కింద తనివితీర తిరిగిండ్రు. వాళ్ల రిటర్న్ ఫ్లైట్ దగ్గర పడ్డది, ఇప్పుడు కాకపోతే ఇంక కాదు అన్న టెన్షన్ ఉండె, అది తీరిపోయింది. కోపం మాత్రం ఇంకా తీరలె, అందుకే వెంటనే కూసొని రాస్తున్న. శాన్‌ఫ్రాన్సిస్కో దిక్కు బే ఏరియాకి పేరెంట్స్ వచ్చినోళ్లు అందరు గోల్డెన్ గేట్ బ్రిడ్జి అయినంక అక్కడికే తీసుకపోతరు కదా, మాకు జరిగింది ఇంకొకళ్ల అమ్మానాయినలకు జరగొద్దు.

తెలియనోళ్లకు ఒక ముక్క చెప్త. మ్యూర్ వుడ్స్ శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి గోల్డెన్ గేట్ బ్రిడ్జి దాటినంక మరిన్ కౌంటీలో ఉంటది, టమాల్‌పయస్ కొండ కింద. సిటీకి ఇంత దగ్గర్ల అసలు నరకని పాత రెడ్‌వుడ్ అడవి మిగలడమే గొప్ప. చాలా చెట్లు 600 నుంచి 800 ఏండ్లవి, బాగా ముసలిది 1,200 ఏండ్లు దాటింది, ఎత్తుది 258 అడుగులు. మా బంధువుల గ్రూపుల ఫొటో పెట్టంగనే చెట్టు మధ్యల నుంచి కారు పోయేది ఇదేనా అని అడిగిండ్రు, కాదు. జనరల్ షెర్మన్ అనే పేద్ద లావు చెట్టు ఉండేది కూడ ఇక్కడ కాదు, అది సియెర్రా పర్వతాల దిక్కు, ఆ జాతి వేరు. ఇవి సముద్రం పక్కన పొగమంచు తాగి పెరిగే కోస్ట్ రెడ్‌వుడ్లు.

ఇగ అసలు సంగతి. ఇక్కడికి పోవాలంటే ముందే పార్కింగ్ రిజర్వేషన్ ఉండాలె, లేకపోతే షటిల్ బస్సు రిజర్వేషన్ ఉండాలె. 2018 జనవరి నుంచి ఇదే రూల్, ఏడాది పొడుగునా. ఊరికెనే కారేసుకొని పోతే లోపలికి రానియ్యరు, రోడ్డు పక్కన ఆపనియ్యరు. ఈ సంగతి మాకు ముందే తెలుసు. మా ఆయనకి ఆ వారమంతా ఆన్‌కాల్ ఉండె, ల్యాప్‌టాప్ వదిలి సిగ్నల్ లేని చోటికి రాలేడు. అందుకని సిటీ నుంచి తీసుకపోయే ఒక చిన్న టూర్ కంపెనీల వ్యాన్ సీట్లు బుక్ చేసిన. పేరు రాయను. వాళ్ల పేజీల స్పష్టంగ రాసి ఉండె, రిజర్వేషన్, ఎంట్రీ అన్నీ మావే, మీరు వచ్చి కూసుంటే చాలు అని. ఫోన్ చేసి కూడ అడిగిన, మా పేరెంట్స్ పెద్దోళ్లు, నాయినకు మోకాళ్ల నొప్పి, ఎక్కువ నడక ఉంటదా అని, అంతా మేం చూసుకుంటం అన్నరు. పైసలు మొత్తం ముందే కట్టిన.

పొద్దున్నే సిటీల వాళ్లు చెప్పిన మూలకి పోయి నిలబడ్డం. చలిగాలి కొడుతుంటె అమ్మ శాలువ కప్పుకొని, చేతిల పులిహోర డబ్బా పట్టుకొని నిలబడ్డది. వ్యాన్ బాగా లేటుగ వచ్చింది. డ్రైవర్ సారీ లేదు ఏం లేదు, ఎక్కుండ్రి ఎక్కుండ్రి అని తోలినట్టు చేసిండు. బ్రిడ్జి దాటినంక హైవే 1 మీద నుంచి పనోరమిక్ హైవే ఎక్కితే ఆ మలుపులు మామూలుగ ఉండయి, అమ్మకు కడుపుల తిప్పింది, కొంచెం మెల్లగ పోనియ్యండి అని అడిగితే టైమ్ లేదన్నడు. టైమ్ ఎవరి వల్ల లేకుండ పోయింది మరి?

కింద పార్కింగ్ దగ్గరికి పోయినంక అక్కడ జాకెట్ వేసుకున్న ఒకామె వచ్చి రిజర్వేషన్ చూపియ్యమని అడిగింది. వీడు ఫోన్ తీసి కిందికి మీదికి జరిపి, సిగ్నల్ లేదు అన్నడు. అక్కడ సిగ్నల్ ఉండదు, వైఫై ఉండదు, రోజూ అక్కడికి వచ్చే మనిషికి అది తెల్వదా? ఆమె చాలా మర్యాదగ, మా లిస్టుల ఈ వ్యాన్ లేదు, మీరు రిజర్వేషన్ చేసుకోలేదు అని చెప్పింది. నేను ముందు సీట్లనే ఉన్న, నా చెవులతోటి విన్న. వీడు వ్యాన్ తిప్పి, మైకుల మా అందరికి ఏం చెప్పిండో తెలుసా, ఈ రోజు పార్కు ఫుల్ అయిపోయింది, గవర్నమెంటు వాళ్లు మూసేసిండ్రు, మేం ఏం చెయ్యలేం, బదులుగ సాసలీటో ఊర్ల షాపింగ్‌కి టైమ్ ఇస్తం అని. అప్పుడే మా కండ్ల ముందల కార్లు లోపలికి పోతున్నయి!

సాసలీటోల దిగినంక నేను పక్కకు పిలిచి అడిగిన, అందరి ముందల కాదు, నీ దగ్గర రిజర్వేషన్ లేదని ఆమె చెప్పింది కదా, మా పైసలు వాపస్ చెయ్యి అని. వాడు పక్కకు రాకుండ అక్కడనే గొంతు పెంచి, మీ వాళ్లు ఎప్పుడూ ఇంతే, చూసేదంతా చూసి రీఫండ్ అడుగుతరు అన్నడు. మీ వాళ్లు అంట. వ్యాన్ల ఉన్న అందరు మా దిక్కు తిరిగి చూసిండ్రు. నాయినకు ఇంగ్లీష్ అంత రాదు గాని గొంతు అర్థమైతది కదా. ముప్పై ఏండ్లు పైన బడిల పిల్లలకు చదువు చెప్పిన మనిషి ఆయన, ఊర్ల ఎదురుంగ వస్తే ఇప్పటికి సైకిల్ దిగి నమస్తే పెడతరు. ఆయన నా చెయ్యి పట్టుకొని, "పోనీ బిడ్డా, చెట్లే కదా, మన దగ్గర లెవ్వా" అన్నడు. ఆ మాటకు నాకు దుఃఖం వచ్చింది. చెట్టు చూడలేదని కాదు, నా కోసం ఆయన ఆ మాట సర్దుకున్నడని. అమ్మ డబ్బా మూత తియ్యనే లేదు. సముద్రం ఒడ్డున బెంచీ మీద ముగ్గురం కూసొని వ్యాన్ తిరిగి బయలెల్లేదాక ఒక్క మాట మాట్లాడుకోలె.

పిల్లల దగ్గరికి వచ్చిన పెద్దోళ్లు ఈ దేశంల అట్లనే మౌనంగ ఉండిపోతరు, మనకు ఇబ్బంది కావొద్దని. అందుకనే వాళ్ల తరఫున మనం గట్టిగ మాట్లాడాలె. సర్దుకపోతే వాడు రేపు ఇంకొకళ్ల తల్లిదండ్రులను అట్లనే దింపుతడు. నేను ఊకోలె. వాళ్ల పేజీల రాసింది, రసీదు, నా ఈమెయిల్స్, వాళ్లు ఇచ్చిన జవాబు అన్నీ స్క్రీన్‌షాట్ తీసి క్రెడిట్ కార్డు బ్యాంకుకి డిస్ప్యూట్, అంటే నా పైసలు వాపస్ ఇప్పియ్యమని ఫిర్యాదు, పెట్టిన. ఇస్తనన్న సర్వీసు ఇయ్యలేదు అనే కారణం కింద పెట్టాలె, నచ్చలేదు అని రాస్తే పని కాదు. టూర్ కంపెనోడు పార్కు మూసేసిండ్రని జవాబు రాసిండు, ఆ రోజు పార్కు తెరిచే ఉందని నేను చూపించిన. పైసా తక్కువ లేకుండ మొత్తం వాపస్ వచ్చింది. దీనికి ఎవరి సాయం తీసుకోలె, అన్నీ నేనే రాసిన, గర్వంగనే చెప్తున్న.

ఇగ రెండోసారి పోవడానికి రిజర్వేషన్ నేనే చేసిన, గోమ్యూర్‌వుడ్స్ డాట్ కామ్‌ల. ఐదు నిమిషాల పని. 90 రోజుల ముందు నుంచి దొరుకుతయి. వీకెండ్ పొద్దటివి తొందరగ అయిపోతయి, వీక్‌డే పొద్దున తీసుకోండి. మనం ఎంచుకున్న టైమ్ నుంచి అరగంట లోపల చేరాలె, ఎప్పుడు బయటికి రావాలె అని మాత్రం లేదు, ఎంతసేపైనా ఉండొచ్చు. కన్ఫర్మేషన్ ఇంట్లనే ఫోన్ల సేవ్ చేసుకోండి, ప్రింట్ ఉంటే ఇంకా మంచిది. మ్యాప్ కూడ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. పార్కింగ్ పైసలు వేరు, ఎంట్రీ టికెట్ వేరు, మనిషికి 15 డాలర్లు, 15 ఏండ్ల దాక పిల్లలకు ఫ్రీ. నేషనల్ పార్క్ పాస్ ఉంటే ఎంట్రీకి పనికొస్తది, పార్కింగ్‌కి పనికిరాదు. ఇంకోటి, పెద్దవయసోళ్లకు ఇచ్చే సీనియర్ పాస్ ఇక్కడి సిటిజన్లకు, గ్రీన్‌కార్డ్ ఉన్నోళ్లకే, విజిటర్ వీసా మీద వచ్చిన పేరెంట్స్‌కి రాదు.

ఈసారి మా ఆయనకు సెలవు దొరికింది, మలుపుల దగ్గర మెల్లగ నడిపిండు, అమ్మ కడుపుల చల్ల కదలకుండ వచ్చింది. ఆ పార్కింగ్ దగ్గర పేపర్ చూపించినం, నవ్వుకుంట లోపలికి పంపిండ్రు. అంతే, నిమిషం పని.

లోపలికి పోంగనే ఒక పడిపోయిన చెట్టు దుంగ అడ్డంగ కోసి పెట్టి ఉంది, వలయాల మీద సంవత్సరాలు రాసిండ్రు. ఆ చెట్టు 909ల మొలిచి 1930ల పడ్డది. నాయిన వేలు పెట్టి లెక్కబెట్టుకుంట, ఇగో ఇక్కడ కాకతీయులు, ఇగో ఇక్కడ కుతుబ్‌షాహీలు అని చెప్పుకుంట పోయిండు. పక్కన ఉన్న వేరే దేశపోళ్లు కూడ ఆగి విన్నరు, నేను వాళ్లకు ఇంగ్లీష్‌ల చెప్పిన. ఆ వ్యాన్ల తల దించుకున్న మనిషి మళ్లీ సారు అయిపోయిండు.

దారి అంతా చెక్క పలకలు, సాఫు బాట, పెద్దగ ఎక్కుడు లేదు. వాగు మీద నంబర్లేసిన బ్రిడ్జిలు ఉంటయి, మోకాళ్ల నొప్పి ఉన్నోళ్లు రెండో బ్రిడ్జి దాక పోయి అవతలి ఒడ్డు నుంచి తిరిగొస్తే అరగంటల అయితది. మేం మాత్రం కూసుంట లేసుకుంట మూడో బ్రిడ్జి దాక పోయినం. బెరడు అడుగు మందం దాక ఉంటదంట, అందుకనే మంటలు తగిలినా చెట్టు బతుకుతది, కొన్ని మొదళ్లు కాలి నల్లగ గుహ తీరు అయినయి, పైన చూస్తే పచ్చగ ఉన్నయి. ఇంత చెట్టుకు కాయ రేగుపండంతనే ఉంటది, నమ్మబుద్ధి కాదు. తల్లిచెట్టు పోయిన చోట దాని మొదలు చుట్టూ పిల్లచెట్లు గుండ్రంగ లేస్తయి, అమ్మ ఆ మధ్యల నిలబడి ఫొటో దిగింది. అక్కడనే డబ్బా తియ్యబోతే నేనే ఆపిన, లోపల తినొద్దు, బయట కెఫే దగ్గరనే తినాలె.

నాయినది పాలమూరు, పిల్లలమర్రి ఊడల మీద ఊగిన మనిషి. అది అడ్డంగ ఊళ్లెక్క పరుచుకుంటది, ఇవి నిలువుగ పోతయి. 2018ల ఆ మర్రికి చెదలు పట్టి సెలైన్ బాటిళ్లు ఎక్కిచ్చిండ్రు కదా, కొమ్మ విరిగినంక జనాన్ని రానియ్యకుండ ఆపిండ్రు కూడ. ఆయనకు అది యాదికొచ్చింది. మనం ముందే ఇట్ల లెక్క పెట్టి మనుషులను పంపిస్తే దానికి ఆ గతి రాకుండె అన్నడు. నేను కూడ అదే అంట. రిజర్వేషన్ దండగ, తలనొప్పి అని తిట్టేవాళ్లు ఆ వాగు చూడాలె. ఆ నీళ్లల్ల కోహో సాల్మన్ చేపలు గుడ్లు పెట్టడానికి సముద్రం నుంచి వస్తయి, చాలా తక్కువ మిగిలినయి. రోడ్డు పక్కన మైళ్ల కొద్దీ కార్లు ఆపి ఆ మట్టి, ఆయిల్ అంతా వాగులకు పోతే ఏం మిగులుతది? రూల్ మంచిదే. దాన్ని పాటించకుండ పైసలు తీసుకొని, తప్పంతా రూల్ మీద తోసేటోళ్లే చెడ్డోళ్లు.

అసలు ఈ అడవి మిగిలిందే ఒక భార్యాభర్తల వల్ల. విలియం కెంట్, ఎలిజబెత్ కెంట్ 1905ల 611 ఎకరాలు 45,000 డాలర్లకు కొన్నరు. 1907ల ఒక నీళ్ల కంపెనీ ఆ లోయను తీసుకొని డ్యామ్ కట్టాలని చూస్తే, 295 ఎకరాలు ఫెడరల్ గవర్నమెంటుకి దానం ఇచ్చేసిండ్రు, 1908 జనవరి 9న ప్రెసిడెంట్ థియొడర్ రూజ్‌వెల్ట్ నేషనల్ మాన్యుమెంట్ అని ప్రకటించిండు. కెంట్ పేరే పెడ్తమంటె వద్దని, అడవులను కాపాడాలని రాసి కొట్లాడిన జాన్ మ్యూర్ పేరు పెట్టమన్నడు. మన దిక్కు గుంట జాగ కోసం అన్నదమ్ములు కోర్టులెంబడి తిరుగుతరు, గుడికి ఫ్యాను ఇస్తే రెక్కల మీద పేరు రాపిచ్చుకుంటరు. నాయిన ఈ సంగతి రాసిన బోర్డు నాతోని రెండుసార్లు చదివిపిచ్చుకున్నడు.

కెథీడ్రల్ గ్రోవ్ అని ఒక చోటు ఉంది, అక్కడ నిశ్శబ్దంగ ఉండమని బోర్డు ఉంటది. 1945 మే 19న ఐక్యరాజ్య సమితి పెట్టడానికి వచ్చిన దేశాలోళ్లు అక్కడ నిలబడి, అంతకు నెల ముందు చనిపోయిన అమెరికా ప్రెసిడెంట్ ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్‌కి నివాళి ఇచ్చిండ్రు. దయచేసి అక్కడ స్పీకర్ పెట్టి వీడియో కాల్స్ మాట్లాడకండి. సిగ్నల్ లేదు కాబట్టి కాల్స్ రావు గాని సేవ్ చేసుకున్న పాటలు పెట్టినోళ్లు ఉన్నరు, మన తెలుగువాళ్లే, చెప్తే మొహం మాడ్చుకున్నరు.

ఎండాకాలమే కదా అని స్వెటర్ లేకుండ పోకండి, లోపల చల్లగ, తేమగ ఉంటది, పెద్దోళ్లకు చెవులు కప్పే టోపీ కూడ పెట్టండి. బాత్రూమ్ పార్కింగ్ దగ్గర, ఎంట్రన్స్ దగ్గరనే, బాట మీద లెవ్వు, అందుకని ముందే పోయి రండి. కారు నడపడం ఇష్టం లేకపోతే షటిల్ మంచిది, కాకపోతే చలికాలంల వీకెండ్స్, సెలవు రోజులల్లనే నడుస్తది, అది కూడ రిజర్వేషన్ తోనే. తిరిగి వచ్చేటప్పుడు గోల్డెన్ గేట్ మీద టోల్ పడతది, పోయేటప్పుడు ఉండదు, క్యాష్ తీసుకోరు, కారు నంబర్ ఫొటో తీసి ఇంటికి బిల్లు పంపుతరు, రెంటల్ కారైతే ముందే వాళ్లను అడిగి పెట్టుకోండి.