గోంగూర మాంసం పక్కన బార్బెరా

కారానికి రెడ్ వైన్ పడదని చాలామంది తేల్చేస్తారు. నిజానికి పడనిది వగరు. పచ్చి జామకాయ కొరికితే నాలుక, చిగుళ్లు పట్టేసినట్టవుతాయి కదా, ద్రాక్ష తొక్కల్లోంచి, గింజల్లోంచి దిగే టానిన్ పనీ అదే. గుంటూరు మిరపకాయ మంట మీద ఆ వగరు పడితే నోరు గరగరలాడుతుంది, ఆల్కహాల్ ఆ మంటను ఇంకాస్త ఎగదోస్తుంది. ఇటలీ వైన్ అనగానే ఖరీదు చూసి వగరు ఎక్కువుండే బరోలో కొనేవాళ్లు మన భోజనం దగ్గర దెబ్బతినేది ఇందుకే.

బరోలో పుట్టిన పియెమోంటే ప్రాంతంలోనే బార్బెరా అనే నల్ల ద్రాక్ష కూడా పండుతుంది, దాంతో చేసే వైన్‌దీ అదే పేరు. రంగు నేరేడు రసంలా చిక్కగా ఉన్నా వగరు తక్కువ, పులుపు ఎక్కువ. కాయ ఎంత మగ్గినా ఆ పులుపు పెద్దగా దిగదు. గోంగూరకు కావలసింది అదే. కూరకన్నా పులుపు తక్కువున్న వైన్ ఏదైనా గోంగూర ముద్ద తిన్నాక చప్పగా తోస్తుంది.

పియెమోంటే ఇటలీకి వాయవ్యాన, ఆల్ప్స్ కొండల కింద ఉంది. పో నదికి దక్షిణాన మోన్‌ఫెర్రాతో అనే గుట్టల మీద బార్బెరా తోటలు, ఉత్తరాన వెర్చెల్లి చుట్టూ వరి చేలు. ఆ చేలకు నీళ్లిచ్చే కవూర్ కాలువ 1866లో పూర్తయింది. మన పాత కృష్ణ ఆనకట్టకు పదకొండేళ్లు చిన్నది! అక్కడివాళ్లు బియ్యం, చిక్కుడు గింజలు, సలామీ (ఎండబెట్టిన పందిమాంసం) కలిపి వండే పనిస్సాలో బార్బెరా పోస్తారు, పక్కన తాగేదీ అదే. అన్నంతో ఈ వైన్‌కు అలవాటు పాతదే.

ఒకప్పుడు ఇది చవకబారు సరుకు. 1986లో లాభం కోసం మిథనాల్ అనే విషపు ఆల్కహాల్ కలిపిన వైన్ తాగి ఇటలీలో ఇరవై మందికి పైగా చనిపోయారు, బార్బెరా పేరూ మట్టిలో కలిసింది. జాకొమో బొలోన్యా లాంటి వైన్ తయారీదారులు అంతకుముందే దిగుబడి తగ్గించి, ఫ్రెంచ్ ఓక్ పీపాల్లో నిలవుంచి మేలు రకం తీస్తుండబట్టి మళ్లీ నిలదొక్కుకుంది. 2008 నుంచి బార్బెరా ద’ఆస్తికి ఇటలీలో అత్యున్నతమైన డీఓసీజీ గుర్తింపు ఉంది. (ఆస్తి అక్కడ ఊరి పేరు, పొలం పుట్రా కాదు.)

సీసా మీద మామూలు ‘బార్బెరా ద’ఆస్తి’ అని ఉంటే చాలు. ‘సుపెరియోరే’ అని ఉంటే కనీసం పద్నాలుగు నెలలు నిలవుంచింది, అందులో ఆరు నెలలు చెక్క పీపాలో. ఆ చెక్క వగరు, పైగా ఎక్కువ ఆల్కహాల్ మనకొద్దు. 13 – 13.5 శాతం ఉన్నది, మూడు నాలుగేళ్లు దాటనిది తీసుకోండి. మూత దగ్గర తడి మరకగానీ, పైకి ఉబ్బిన బిరడాగానీ కనిపిస్తే ఎండ దెబ్బ తిన్న సీసా అని అర్థం. తెరిస్తే ఉడికిన జామ్ వాసన కొడుతుంది.

ఇక బెజవాడ ఎండ. రెడ్ వైన్ గది వేడిలోనే తాగాలన్న మాట చలిదేశాల గదులకు చెల్లుతుంది. బార్బెరాకు 14 – 16 డిగ్రీలు కావాలి. ఫ్రిజ్‌లో గంటన్నర, తొందరైతే ఐసు నీళ్ల బకెట్‌లో పావుగంట. రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంటే అరగంట ముందు బయట పెట్టండి, లేకపోతే పులుపు తప్ప ఇంకేం తెలియదు. గ్లాసుకు 125 మిల్లీలీటర్ల లెక్కన సీసాకు ఆరు వస్తాయి. వేసవిలో అంతకన్నా తక్కువ పోసుకోవడమే నయం, గ్లాసులోనే వేడెక్కుతుంది.

గోంగూర మాంసంలో కారం మామూలుకన్నా మూడో వంతు తగ్గించండి, నూనె తగ్గించొద్దు. ఆ కొవ్వును కోసేది వైన్ పులుపే. టమాటా వేసిన నాటుకోడి కూర, రొయ్యల ఇగురు, గుత్తివంకాయ బాగా కుదురుతాయి. ఆవకాయకు కుదరదు, ఆవఘాటు ముందు ఏ వైనూ నిలవదు. పూతరేకులు తిని గుక్క వేస్తే ఒట్టి పుల్లనీళ్లే. మిగిలింది బిరడా బిగించి ఫ్రిజ్‌లో పెడితే మూడు రోజులు ఆగుతుంది.