‘గురించి’ అన్నందుకు నవ్వారు: ఎర్రర్ స్పాటింగ్‌తో నా ఏడాదిన్నర

నిన్న సాయంత్రం బ్యాంకు పీ.ఓ. (ప్రొబేషనరీ ఆఫీసర్) ప్రిలిమ్స్ ఫలితం చూసుకున్నాను. మెయిన్స్‌కు అర్హత వచ్చింది. పోయిన ఏడాది రీజనింగ్, లెక్కలు రెండూ గట్టెక్కినా ఇంగ్లిష్ విభాగం కటాఫ్ దగ్గర ఆగిపోయిన నేను, ఈసారి అదే విభాగం దాటి వచ్చాననే సంతోషం ఇంకా తాజాగా ఉండగానే, ఈ ఏడాదిన్నర ఎలా గడిచిందో రాసి పెడుతున్నాను. నాలాగే పదో తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదివి, ఎర్రర్ స్పాటింగ్, అంటే ఇంగ్లిష్ వాక్యంలో తప్పు పట్టే ప్రశ్న కనబడగానే కళ్లు తిరిగేవారికి ఇందులో ఏదైనా పనికి వస్తుందని నా నమ్మకం.

దరఖాస్తు నింపడం, ఫీజు కట్టడం, హాల్ టికెట్ తీసుకోవడం గంటలో అయిపోయే పనులు. రీజనింగ్ సాధన చేస్తే వస్తుంది. లెక్కలు నాకు చిన్నప్పటి నుంచీ భయం లేదు. నన్ను ఏడిపించిందల్లా ఇంగ్లిష్, అందులోనూ ఒక వాక్యాన్ని నాలుగు ముక్కలు చేసి, ఏ ముక్కలో తప్పుందో చెప్పమని, అయిదోదిగా ‘నో ఎర్రర్’ అని పెట్టే ఆ ప్రశ్న. నేను రాసిన ప్రిలిమ్స్‌లో 30 ఇంగ్లిష్ ప్రశ్నలకు 20 నిమిషాలు ఇచ్చారు, అంటే ప్రశ్నకు 40 సెకన్లు. తప్పు జవాబు పెడితే పావు మార్కు పోతుంది. నేను మొదటిసారి రాసిన మాక్ టెస్టులో 24 గుర్తిస్తే 11 ఒప్పు, 13 తప్పు. ఆ తప్పులకు 3.25 పోగా మిగిలింది 7.75.

మా వైపు బ్యాంకు కోచింగ్ అంటే అందరూ నంద్యాల పేరే చెబుతారు. అక్కడ హాస్టల్ ఖర్చు మా నాయన భరించలేడు కాబట్టి, కడపలో మా పెదనాయన ఇంట్లో ఉండి, ఊళ్లోనే ఒక కోచింగ్ సెంటర్‌లో చేరాను. దాని పేరు రాయను. అక్కడ ఇంగ్లిష్ చెప్పిన సారు పేరు కూడా రాయను. ఆయన పాఠం వేగంగా చెప్పేవారు, రూల్స్ కంఠస్థం చేయించేవారు. నూటికి పైగా కూర్చున్న ఆ తరగతిలో రోజూ ఎవరినో ఒకరిని లేపి బోర్డు మీది వాక్యానికి జవాబు చెప్పించడం ఆయన పద్ధతి. చేరిన మూడో వారంలో నా వంతు వచ్చింది.

బోర్డు మీద ఉన్న వాక్యం నాకు ఇప్పటికీ అక్షరం పోకుండా గుర్తుంది: ‘వి డిస్కస్డ్ అబౌట్ ద మ్యాటర్ ఫర్ టూ అవర్స్.’ నేను రెండుసార్లు చదువుకుని, తప్పేమీ కనబడక, ‘నో ఎర్రర్’ అన్నాను. సారు ఎందుకని అడిగారు. ఎందుకని అడిగితే ఆలోచన చెప్పాలని నేను అమాయకంగా అనుకుని, మనసులో చేసుకున్న తెలుగునే పైకి చెప్పేశాను: “ఆ విషయం గురించి రెండు గంటలు చర్చించాము అని కదా సార్ అర్థం. గురించి అంటే అబౌట్ కదా.” తరగతి అంతా ఒక్కసారిగా నవ్వింది. సారు కూడా నవ్వి, “డిస్కస్ తరువాత అబౌట్ రాదు. అది రూల్. రాసుకో. తెలుగులో ఆలోచించేవాళ్లకు ఇంగ్లిష్ ఈ జన్మలో రాదు” అన్నారు. ఎందుకు రాదో ఆయన చెప్పలేదు, నాకు నోరు పెగలక నేనూ అడగలేదు. ఆ మాట అక్కడితో పోయినా బాగుండేది. మరునాటి నుంచి హాజరు పిలిచేటప్పుడు నా పేరుకు బదులు ‘గురించి’ అని పిలవడం మొదలుపెట్టారు. వారం తిరిగేసరికి వెనుక బెంచీల అబ్బాయిలకు, మెట్ల మీద ఎదురుపడే వాళ్లకు, చివరికి ఫీజు కట్టించుకునే గుమాస్తాకు కూడా నా పేరు ‘గురించి’ అయిపోయింది.

నవ్విన పిల్లలను నేను తప్పు పట్టను. వారిలో సగం మందికి ఆ జవాబు తెలియదని నాకు తెలుసు, తమను లేపలేదన్న ఊరటతో నవ్వారు. నేను తప్పు పట్టేది బోధించే స్థానంలో నిలబడి, పిల్లల తల్లిభాషను వారి నెత్తి మీద కొట్టడానికి వాడుకునే మనిషిని. ఒక విద్యార్థి ఎందుకు తప్పు చేసిందో తన నోటితో తానే చెప్పిన తరువాత, ఆ కారణాన్ని పట్టుకుని పాఠం చెప్పగలిగే అవకాశాన్ని వదులుకున్నవారిని నేను ఉపాధ్యాయుడు అనలేను. మరో పది రోజులు ఓర్చుకుని, కోచింగ్ మానేశాను. మిగిలిన నెలల ఫీజు తిరిగి ఇమ్మని మూడుసార్లు తిరిగినా రూపాయి ఇవ్వలేదు. కాబట్టి చేరేవారు మొత్తం ఫీజు ఒకేసారి కట్టవద్దని, ముందు ఒక వారం కూర్చుని వినమని గట్టిగా చెబుతున్నాను.

ఇంట్లో ఎవరికీ చెప్పకుండా, కోచింగ్ వేళకు బయలుదేరి, ఎర్రముక్కపల్లెలో ఉన్న బ్రౌన్ గ్రంథాలయంలో కూర్చుని వచ్చేదాన్ని. పెదనాయన నాలుగో రోజే కనిపెట్టారు. ఆయన జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో తెలుగు పండితులుగా పనిచేసి రిటైరైనవారు, ఇంగ్లిష్‌తో ఆయనకు పెద్దగా పని లేదు. “ఏమ్మీ, కోచింగుకు పోవడం లేదంటనే” అని అడిగితే ఆపుకోలేక జరిగినదంతా చెప్పాను. ఆయన ఓదార్చలేదు. కొంచెంసేపు ఆలోచించి, “గురించి ఏ విభక్తమ్మీ?” అని అడిగారు. నేను తెల్లబోయాను. ఆయనే ఎక్కాల్లాగా చదివారు: “నిన్, నున్, లన్, కూర్చి, గురించి, ద్వితీయా విభక్తి.”

ఆ క్షణంలో నాకు కలిగిన వెలుగును ఎలా చెప్పాలో తెలియడం లేదు. కర్మను చూపించే ‘ని’, ‘ను’లతో పాటు ‘గురించి’ కూడా ఒకే వరుసలో కూర్చుని ఉంది. ‘ఆ విషయాన్ని చర్చించాము’ అన్నా, ‘ఆ విషయం గురించి చర్చించాము’ అన్నా తెలుగులో రెండూ చెల్లుతాయి. ఇంగ్లిష్‌లో ‘డిస్కస్’ అనే క్రియ సకర్మకం. దాని కర్మ మధ్యలో ఏ మాట సాయమూ లేకుండా నేరుగా వచ్చి నిలబడుతుంది, అంటే ‘ని’ పనిని స్థానమే చేస్తుంది. అదే ‘టాక్’ అనే క్రియకు కర్మ నేరుగా రాదు, ‘అబౌట్’ కావాలి. ‘డిస్కషన్’ అని నామవాచకం చేస్తే దాని తరువాత కూడా ‘అబౌట్’ చక్కగా వస్తుంది. నేను చేసిన తప్పుకు ఇంత స్పష్టమైన కారణం ఉండగా, సారు దాన్ని రూల్ అని కొట్టిపారేశారు. తెలుగులో ఆలోచించడం కాదు నా లోపం, ఆ ఆలోచనను సగంలో వదిలేయడం.

ఆ రాత్రే ఒక లాంగ్ నోట్‌బుక్ తీసుకుని, విభక్తుల వరుసలో పేజీలు కేటాయించాను. అప్పటి నుంచి ఏ పాత ప్రశ్నపత్రంలో ఏ తప్పు చేసినా, ఆ తప్పు ఏ తెలుగు మాట వల్ల జరిగిందో వెతికి ఆ పేజీలో రాసేదాన్ని. తృతీయ పేజీలో ‘తో’ చేరింది: డాక్టరుతో పెళ్లయింది అనుకుని ‘మ్యారీడ్ విత్’ అంటాము, కావలసింది ‘మ్యారీడ్ టు’. తల్లితో కలిసి వచ్చింది అనుకుని ‘అకంపెనీడ్ విత్’ అంటాము, కావలసింది ‘అకంపెనీడ్ బై’. చతుర్థిలో ‘కొరకు’ వల్ల ‘హి ఆర్డర్డ్ ఫర్ టూ కాఫీస్’ అంటాము. అక్కడ ‘ఫర్’ ఉండకూడదు. పంచమి పేజీ చూడండి, ‘కంటె’ అక్కడ ఉంది. నాకంటే సీనియర్ అన్న మాటే ‘సీనియర్ దేన్ మీ’ అవుతుంది. లాటిన్ నుంచి వచ్చిన సీనియర్, జూనియర్, సుపీరియర్, ఇన్ఫీరియర్ అనే మాటలకు, ‘ప్రిఫర్’ అనే క్రియకు ‘టు’ కావాలి. మిగిలిన పోలికలకు ‘దేన్’ సరిపోతుంది. షష్ఠిలోని ‘కి’ వల్ల ‘రీచ్డ్ టు కడప’ అంటాము, ‘రీచ్’కు ‘టు’ అక్కరలేదు. గదిలోకి ప్రవేశించడం ‘ఎంటర్డ్ ఇంటూ ద రూమ్’ కాదు, ‘ఎంటర్డ్ ద రూమ్’ అంటే చాలు. ఒప్పందం కుదుర్చుకునేటప్పుడు మాత్రం ‘ఎంటర్డ్ ఇంటూ’ సరైనదే.

‘నుంచి’ ఒక్కదానికే రెండు పేజీలు పట్టాయి. ‘రెండేళ్ల నుంచి కడపలో ఉంటున్నాను’ అన్న వాక్యాన్ని ఉన్నది ఉన్నట్టు ఇంగ్లిష్‌లో పెడితే ‘ఐ యామ్ లివింగ్ ఇన్ కడప సిన్స్ టూ ఇయర్స్’ అవుతుంది. ఇందులో తప్పులు రెండు. మనకు 2022 నుంచి అన్నా, రెండేళ్ల నుంచి అన్నా ఒకటే మాట. ఇంగ్లిష్ మాత్రం మొదలైన చోటుకు ‘సిన్స్’, గడిచిన నిడివికి ‘ఫర్’ వాడుతుంది. పైగా మనం వర్తమానంతో సరిపెట్టుకునే చోట వారు ‘హ్యావ్ బీన్ లివింగ్’ అంటారు. ఈ రకం ప్రశ్న వస్తే ఇప్పుడు నాకు పది సెకన్లు చాలు.

కొన్నిచోట్ల మన భాష మనల్ని కాపాడుతుందని కూడా అప్పుడే తెలిసింది. ‘వన్ ఆఫ్ మై ఫ్రెండ్’ అని ఏకవచనం రాసి చాలామంది దొరికిపోతారు. అదే ‘నా స్నేహితులలో ఒకడు వచ్చాడు’ అని మనసులో అనుకుంటే స్నేహితులు బహువచనమని, క్రియ ఏకవచనమని దానంతటదే తెలుస్తుంది. కర్తను బట్టి క్రియ మారడం మనకు కొత్త కాదు. ‘వాడు వచ్చాడు, అది వచ్చింది, వారు వచ్చారు’ అనే భాష మనది. అందుకే పొడుగు వాక్యాలలో నేను ముందు క్రియను పట్టుకుని, దాని కర్త ఎవరని వెనక్కి వెతుకుతాను. ‘ద క్వాలిటీ ఆఫ్ ద మ్యాంగోస్ ఆర్ పూర్’ అన్నప్పుడు బాగాలేనిది మామిడిపండ్లు కావు, నాణ్యత. కాబట్టి ‘ఈజ్’ రావాలి. ‘అలాంగ్ విత్’, ‘యాజ్ వెల్ యాజ్’ తరువాత వచ్చే పేర్లను వేలితో మూసేసి చదువుతాను.

ఈ పద్ధతికి అందనివి ఉన్నాయి. ‘ఎ’, ‘ఎన్’, ‘ద’ అనే ఆర్టికల్స్ మనకు లేవు, వాటిని వాడుకలోనే పట్టుకోవాలి. ఫర్నిచర్, ఇన్ఫర్మేషన్, అడ్వైస్, లగేజ్ వంటి మాటలకు బహువచనం ఉండదని, ‘హార్డ్లీ’కి ‘వెన్’, ‘నో సూనర్’కు ‘దేన్’ జతలని నేను కంఠస్థమే చేశాను. ‘ఆల్దో’ పెట్టిన వాక్యంలో ‘బట్’ కూడా పెట్టడం మాత్రం మళ్లీ మన ‘అయినప్పటికీ... కానీ’ చలవే.

చాలామంది సీనియర్లు ‘వాక్యం చదివితే తప్పు చెవికి తగులుతుంది, రోజూ ఇంగ్లిష్ పేపర్ చదువు’ అని సలహా ఇస్తారు. నేను ఆరు నెలలు పేపర్ చదివాను. ప్యాసేజీ ప్రశ్నలకు అది మేలు చేసింది, ఎర్రర్ స్పాటింగ్‌కు చేయలేదు. ఇంట్లో ఇంగ్లిష్ విని పెరిగినవారికి ఆ చెవి ఉంటుంది. నా చెవికి ‘డిస్కస్డ్ అబౌట్’ ఎంతో ఇంపుగా వినిపించేది, ఎందుకంటే నా చుట్టూ ఉన్నవారందరూ అలాగే అనేవారు. అలాంటి చెవిని నమ్ముకుంటే మునిగినట్టే. దానికంటే భాష నేర్చుకునేవారి కోసం చేసిన మంచి నిఘంటువు ఒకటి దగ్గర పెట్టుకోవడం మేలు. ఏ క్రియ తరువాత ఏది వస్తుందో, ఏ నామవాచకానికి బహువచనం లేదో అందులో గుర్తులతో, ఉదాహరణలతో ఉంటుంది. ఫోన్లలో తిరిగే ప్రశ్నల పీడీఎఫ్‌లను నమ్మవద్దు. ఒకదానిలో వంద ప్రశ్నలలో ఏడింటికి ఇచ్చిన జవాబు తప్పని నేనే నిఘంటువుతో సరిచూసి తేల్చాను. ఈ మాట కొంచెం గర్వంగానే చెబుతున్నాను.

నేను చదువుకున్న ఆ గ్రంథాలయం పేరు వెనుక ఉన్న సి.పి. బ్రౌన్ 1820లో కడపకు వచ్చి, పండితులను పెట్టుకుని తెలుగు గ్రంథాలు పరిష్కరింపజేసినవాడు. 1840లో తన భాషవారి కోసం తెలుగు వ్యాకరణం రాశాడు, 1852లో నిఘంటువు వెలువరించాడు. ఇంగ్లిష్‌వారికి మన విభక్తులను వివరించడానికి ఆయన పడిన శ్రమను తలచుకున్నప్పుడల్లా, అదే దారిలో నేను ఎదురువైపు నుంచి నడుస్తున్నానని అనిపించి ధైర్యం వచ్చేది.

అయిదు నెలల్లో మూడు నోట్‌బుక్‌లు నిండాయి. మాక్ టెస్టుల్లో 22 గుర్తిస్తే 19 ఒప్పు, 3 తప్పు, 18.25 మార్కులు వచ్చే స్థితికి చేరాను. ఆ దశలో ఒక కొత్త జబ్బు పట్టుకుంది. ప్రతి వాక్యంలోనూ తప్పు కనబడసాగింది, ‘నో ఎర్రర్’ పెట్టడానికి చేయి వచ్చేది కాదు. దానికి నేను పెట్టుకున్న కట్టుబాటు ఒక్కటే: తప్పు ఉందంటే, సరైన రూపం ఏమిటో, కారణం ఏమిటో నాకు నేను చెప్పుకోగలగాలి. అలా చెప్పలేకపోతే ‘నో ఎర్రర్’ గుర్తించి ముందుకు పోవాలి. పరీక్ష రోజున ఒక్కచోట కూడా ఆ కట్టుబాటు తప్పలేదు.

ఫలితం చెప్పగానే పెదనాయన, “ఏ పేజీ మిగిలిందమ్మీ?” అన్నారు. షష్ఠిలోని ‘లో’ మిగిలింది. కడపలో, బస్టాండులో, బస్సులో అని మనం మూడుచోట్లా ఒకే ‘లో’ అంటాము. ఇంగ్లిష్‌లో అవి ‘ఇన్ కడప’, ‘ఎట్ ద బస్టాండ్’, ‘ఆన్ ద బస్’ అవుతాయి. మెయిన్స్ లోపు ఆ పేజీ పూర్తి చేయాలి.