మస్ట్‌కీ క్రియకీ మధ్య సందు: మాన్యువళ్లు దిద్దడంలో నా అనుభవం

తెలుగువాళ్లు రాసిన ఇంగ్లీషు మాన్యువల్ దిద్దడానికి కూర్చుంటే నేను ముందు స్పెల్లింగులు చూడను. కెన్, కుడ్, మే, మైట్, షల్, షుడ్, విల్, వుడ్, మస్ట్ అనే తొమ్మిది మోడల్‌లనీ (అసలు క్రియకు ముందు వచ్చే సహాయక క్రియలనీ) ఫైల్లో ఒక్కొక్కటిగా వెతికి, అటు మాటా ఇటు మాటా చదువుతాను. క్రియావిశేషణాల (ఆల్వేస్, స్లోలీ లాంటి మాటల) తప్పులు ఎక్కువగా అక్కడే దొరుకుతాయి.

దానికి కారణం మన క్రియ. 'చేయగలను', 'చేయాలి', 'చేయవచ్చు' అంటాం. గల, ఆలి, వచ్చు క్రియకే అతుక్కుని ఉంటాయి. 'రానూ వచ్చు' అన్నప్పుడు ఒక దీర్ఘం దూరుతుందేమో గానీ 'తరచుగా', 'బహుశా' లాంటి పూర్తి మాట దూరదు. ఇంగ్లీషులో మాత్రం మోడల్‌కూ క్రియకూ మధ్య సందు తెరిచే ఉంటుంది, ఎంత తరచుగా, ఎంత నమ్మకంగా అని చెప్పే మాటలు సహజంగా కూర్చునేది అక్కడే. యూ షుడ్ ఆల్వేస్ చెక్, ఇట్ విల్ ప్రాబబ్లీ లీక్, యూ మస్ట్ ఆల్సో సైన్. 'యూ ఆల్వేస్ షుడ్ చెక్' అన్నా వ్యాకరణం ఒప్పుకుంటుంది. కానీ అప్పుడు ఒత్తు 'షుడ్' మీద పడి, ఎవరో కాదంటే వాదిస్తున్నట్టు వినిపిస్తుంది. మాన్యువల్‌కు ఆ గొంతు నప్పదు.

పని ఎలా చేయాలో చెప్పే మాటలది వేరే చిక్కు. 'వాల్వ్‌ను నెమ్మదిగా మూయాలి' అనడంలో మనకు 'నెమ్మదిగా' క్రియను ఆనుకునే ఉంటుంది. ఆ అలవాటుతో 'యూ షుడ్ క్లోజ్ స్లోలీ ద వాల్వ్' అని రాస్తారు. ఇంగ్లీషు క్రియకూ కర్మకూ మధ్య అలా అడ్డం పెట్టనివ్వదు. దాన్ని 'క్లోజ్ ద వాల్వ్ స్లోలీ' అని మారుస్తాను. 'స్లోలీ క్లోజ్' కూడా తప్పు కాదు, కానీ వాక్యం చివర వచ్చే మాటే చదివేవాడి చెవిలో నిలుస్తుంది.

రెండో విడతలో 'నాట్' ఉన్న వాక్యాలే చూస్తాను. ఇక్కడ తొందరపడను. తెలుగులో 'ఎప్పుడూ' ఒక్కటే మాట. 'ఎప్పుడూ తెరవాలి' అంటే ఆల్వేస్, 'ఎప్పుడూ తెరవకూడదు' అంటే నెవర్. రెండో వాక్యం ఇంగ్లీషులోకి 'ద వాల్వ్ మస్ట్ నాట్ ఆల్వేస్ బీ ఓపెన్' అని వచ్చిందనుకోండి, అప్పుడప్పుడు తెరిచి ఉంచినా ఫర్వాలేదని చదువుకునే వీలుంది. 'మస్ట్ నెవర్ బీ ఓపెన్డ్' అంటే ఆ సందేహం ఉండదు. ఇలాంటిదే ఇంకొకటి: 'ఐ రియల్లీ కాంట్ సే' అంటే అసలు చెప్పలేను, 'ఐ కాంట్ రియల్లీ సే' అంటే అంత గట్టిగా చెప్పలేను. రెండింటినీ 'నిజంగా చెప్పలేను' అనే వాక్యం నుంచే రాస్తే తేడా పోతుంది. 'ప్రాబబ్లీ' మాత్రం 'వోంట్'కు ముందే రావాలి. 'వోంట్ ప్రాబబ్లీ' అని కనిపిస్తే ఆలోచించకుండా తిప్పేస్తాను.

మూడో విడత 'హావ్ బీన్' ఉన్నవి. ఇక్కడ సందులు మూడు. సంభావ్యతను చెప్పే మాట మొదటి సందులోకి, పని తీరును చెప్పేది అసలు క్రియ పక్కకి వెళ్తాయి. 'ద క్రాక్ కుడ్ ఈజిలీ హావ్ బీన్ మిస్డ్' అంటే కంటపడకుండా పోయే అవకాశం బాగా ఉండేదని. 'ద కవర్ కుడ్ హావ్ బీన్ ఈజిలీ రిమూవ్డ్' అంటే మూత తీయడం కష్టమయ్యేది కాదని. 'ప్రాపర్లీ టైటెన్డ్', 'కంప్లీట్లీ డ్రెయిన్డ్' లాంటివి చివరి సందులోనే ఉంచుతాను.

మోడల్‌కూ క్రియకూ మధ్య ఏ మాటా రాకూడదని కొందరు పాతకాలపు నియమం చెబుతారు. నేను పట్టించుకోను. అమెరికా రాజ్యాంగంలోని అధ్యక్షుడి ప్రమాణమే 'ఐ విల్ ఫెయిత్‌ఫుల్లీ ఎగ్జిక్యూట్' అని ఉంది. 2009 జనవరి 20న ప్రధాన న్యాయమూర్తి జాన్ రాబర్ట్స్ దాన్ని చెప్పిస్తూ 'ఫెయిత్‌ఫుల్లీ'ని వాక్యం చివరికి తీసుకెళ్లారు, ఒబామా ఆగిపోయారు. ఎందుకైనా మంచిదని మర్నాడు వైట్‌హౌస్‌లో ప్రమాణం మళ్లీ చేయించారు.

ప్రశ్న, జవాబుల రూపంలో ఉండే పేజీలను చివర్న చూస్తాను, ఎందుకంటే అక్కడ పద్ధతి తిరగబడుతుంది. 'షుడ్ ఐ రీప్లేస్ ద ఫిల్టర్?' అన్న ప్రశ్నకు 'యెస్, యూ ప్రాబబ్లీ షుడ్' అనాలి. 'యూ షుడ్ ప్రాబబ్లీ' అని ఆపితే వాక్యం తెగినట్టు ఉంటుంది. క్రియను మింగేశాక కూర్చోవడానికి సందు ఉండదు కదా, అందుకే ఆ మాట మోడల్‌కు ముందుకు జరుగుతుంది.